అరచెయ్యి పట్టి చూసే మాస్టరు

నిన్న సాయంత్రం మా సందులోంచి ఒక శవం పోయింది. వాషర్‌మెన్‌పేట్‌లో శవం పోవడం కొత్తేమీ కాదు. ముందు డప్పులు, వాటి వెనక టపాసులు, ఆ వెనక రోడ్డంతా బంతిపూలు, ఆ పూల మీద జారిపోయే మోటారు సైకిళ్ళు. గిన్నెలు తోముకుంటూ తలెత్తి చూస్తాం, మళ్ళీ దించుకుంటాం. నిన్న నేను దించుకోలేదు. దండల కింద మొహం సరిగా తెలియలేదు గానీ ఎడమ చెవి కనిపించింది. నలిగి, ముడుచుకుపోయి, ఎండబెట్టిన వంకాయ వరుగులా ఉంది. అట్లాంటి చెవి నేను ఒక్క మనిషికే చూశాను.

నా ముందు పన్ను ఊడగొట్టిన మనిషి అతను. నా కూతురి చెవి చీల్చిన మనిషి.

నాకు అక్షరాలు రావు. సంతకం వచ్చు, బస్సు నంబరు వచ్చు, అంతే. నేను చెబుతుంటే నా కూతురు మోనిషా లాప్‌టాప్‌లో కొడుతోంది. "ఇప్పుడెందుకుమా ఇదంతా, చచ్చిపోయినాడు గదా" అంటోంది. చచ్చిపోయాడు గనకనే చెబుతున్నాను. బతికుంటే తిట్టేదాన్ని, చెప్పేదాన్ని కాదు.

నా భర్త మనలి ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి లోపలికి దిగి ఆ గ్యాసుకు మళ్ళీ పైకి రాలేదు. ఆ తర్వాత నేను వ్యాసర్పాడి పక్కన ఒక ప్రైవేటు కాలేజీలో ఊడ్చే పనిలో చేరాను. నిన్న పోయిన ఆ మనిషి అక్కడే ఆటల మాస్టరు. వయసులో బాక్సింగ్ ఆడినవాడు. మెడ ఉండేది కాదు, భుజాల మీదే తల పెట్టినట్టుండేది. చొక్కా జేబు నిండా వేయించిన వేరుశనక్కాయలు పోసుకుని, పొట్టుతో సహా నమిలేవాడు. కూర్చోగా నేను చూడలేదు. తలుపులోంచి రావాలన్నా భుజం ముందు పెట్టి పక్కవాటంగా వచ్చేవాడు, లోపల ఎవడో కొట్టడానికి కాచుకుని ఉన్నట్టు.

పిల్లలను కొట్టేవాడు. అది దాచి చెప్పి లాభం లేదు. ఆలస్యంగా వస్తే కొట్టేవాడు, చొక్కా గుండీలు విప్పుకుని తిరిగితే కొట్టేవాడు. అయినా మేనేజిమెంటు ఆయన్ను వదులుకోలేదు. పరీక్షలు వస్తే హాలుకు కాపలా పెట్టడానికి అట్లాంటి మనిషి ఒకడు కావాలి వాళ్ళకు.

ఇప్పుడు యూనివర్సిటీ పరీక్షలంటే కాగితమూ పెన్నూ కాదు. పిల్లలు ఎవరి లాప్‌టాప్ వాళ్ళే మోసుకొస్తారు. పరీక్ష మొదలైతే అందులో ప్రశ్నలు తప్ప ఇంకేమీ తెరుచుకోకూడదట. లాప్‌టాప్ పైన చిన్న కన్ను ఉంటుంది, అది రాసేవాళ్ళ మొహం చూస్తూనే ఉంటుంది. పక్కగదిలో పరీక్ష నడిపించే చీఫ్ సారు ముందు పెద్ద తెర. అందులో అందరి మొహాలూ డబ్బాలు డబ్బాలుగా. ఎవరైనా పక్కకు చూసినా, మాట్లాడినా వాళ్ళ డబ్బా ఎర్రగా అవుతుంది.

పరీక్ష రోజుల్లో నన్ను చీపురు పక్కన పెట్టి తలుపు దగ్గర నిలబడమనేవాళ్ళు. ఆడపిల్లల పూలు తీయించి, జడ విప్పించి, చెవులు చూడడం నా పని. చెవిలో కందిగింజంత మిషను పెట్టుకుని వస్తారు, దాన్ని అయస్కాంతంతో లాగాలి. అవతలి తలుపు దగ్గర మాస్టరు. ఆయన జేబులు తడిమేవాడు కాదు. పొద్దున్నే తన కుడిచేతికి తెల్లటి గుడ్డ పట్టీ చుట్టుకునేవాడు, బాక్సింగ్‌కు చుట్టుకున్నట్టు. ఆ పట్టీ చూస్తేనే పిల్లలు వరసలో వెనక్కి జరిగేవాళ్ళు. తర్వాత ఎడమచెయ్యి చాపి ఒక్కొక్కడి అరచెయ్యి పట్టుకునేవాడు. ఆడపిల్లలైతే అరచేతి మీద రెండు వేళ్ళు ఆనించేవాడు. చెయ్యి పొడిగా ఉంటే "పో, లోపలికి పో" అనేవాడు. తడిగా ఉంటే ఏమీ అనకుండా మొహం గుర్తుపెట్టుకునేవాడు.

"భయానికి అందరికీ చెమట పడుతుంది గదా మాస్టరూ" అన్నాను ఒకసారి.

"భయానికి పట్టేది వెచ్చగా ఉంటాదమ్మే. దొంగచెమట జిల్లుమంటాది. నువ్వు చేపను పట్టుకోలేదా ఎప్పుడూ?"

ఒక పరీక్షలో లారీల ఓనరు కొడుకొకడు వచ్చాడు. మాస్టరు వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత హాల్లో వాడి బెంచీ దగ్గరే తిరిగాడు. మిగతా సార్లందరూ పిల్లల వెనక నిలబడి తెర చూస్తారు. ఈయన పిల్లలకు ఎదురుగా, తెరకు వీపు పెట్టి, వేళ్ళు చూసేవాడు. కంప్యూటరు ఆయనకు తెలియదు. వేళ్ళు తెలుసు.

నేను తలుపు దగ్గర ఉన్నాను. ఉన్నట్టుండి మాస్టరు వంగి ఆ పిల్లవాడి రెండు మణికట్లూ పట్టి పైకెత్తాడు. తర్వాత లాప్‌టాప్‌ను మోచేత్తో హాలు వైపు తిప్పాడు. వాడి చేతులు గాల్లో ఉన్నాయి. తెర మీద అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి. గబగబా పడుతున్నాయి. ఎవడో బయట ఎక్కడో కూర్చుని వీడి లాప్‌టాప్‌ను నడుపుతున్నాడు, వీడు ఊరికే వేళ్ళు ఆడిస్తున్నాడు. హాలంతా ఒక్కసారి నవ్వింది.

"నేను ఎవరి కొడుకునో తెలుసా?" అన్నాడు వాడు అరవంలో.

"తెల్సురా. నీ బదులు రాసేది ఎవురి కొడుకో అది చెప్పు ముందు."

 పట్టీ చుట్టిన చేత్తో మాస్టరు ఒక్క దెబ్బ వేశాడు. ముక్కు పగిలి రక్తం లాప్‌టాప్ మీద పడింది. వాడు కిందికి జారిపోతే చొక్కా పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. ఆడపిల్లలు ఏడుస్తున్నారు. చీఫ్ సారు పరిగెత్తుకొచ్చి "పోదుం సార్, పోదుం" అని అరవంలో చాలు చాలంటూ చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక నిలబడిపోయాడు. అప్పటికీ ఆ తెర మీద అక్షరాలు పడుతూనే ఉన్నాయి. అవతల రాసేవాడికి ఇక్కడి సంగతి తెలియదు గదా పాపం.

ఆ లాప్‌టాప్ శుభ్రం చేసింది నేనే. మీటల సందుల్లోకి పోయిన రక్తం ఊరికే రాదు. పుల్లకు గుడ్డ చుట్టి తీశాను. తర్వాత టీ దగ్గర అడిగాను.

"పట్టుకున్నారు గదా మాస్టరూ, అది చాలదా? అట్లా కొట్టాలా?"

"పట్టుకుంటే ఏమవతాది? చీఫ్ కాయితం రాస్తాడు. ఆ కాయితానికి వాళ్ళ నాయన ఫోను చేస్తాడు. దెబ్బకు ఎవురు ఫోను చేసినా వెనక్కి రాదమ్మే."

అప్పుడే చెవి సంగతి చెప్పాడు. రింగులోకి దిగే ముందు ఒక మనిషి ఇద్దరి చేతులూ పట్టి చూస్తాడట, గుడ్డలో ఏమైనా దాచారేమోనని. ఆ రోజు చూసినవాడు ఊరికే తాకి వదిలేశాడు. ఎదుటివాడి గుడ్డ చుట్టలో ఇనపముక్క ఉంది. ఆ ఒక్క పోటుతో చెవి నలిగిపోయింది, లోపల వినికిడీ పోయింది, ఆటా పోయింది. "కొట్టినోడి మీద కోపం లేదు నాకు" అన్నాడు శనక్కాయ నోట్లో వేసుకుంటూ. "వాడు దొంగ, వాడి పని వాడు చేసినాడు. చెయ్యి పట్టుకొని చూసి కూడా వదిల్నాడే, వాణ్ణి చంపాల."

నా కూతురు ఆ కాలేజీలోనే చదివేది. ఆమెకు చదవడం ఒక్క తీరునే వచ్చు. నాకు చదువు లేదు గనక చిన్నప్పటినుంచీ నేను పెట్టిన అలవాటు అది. నేను పొయ్యి దగ్గర చేపలు తోముతుంటే, ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని పాఠమంతా నాకు వినపడేట్టు చదవాలి. నోరు మూసుకుని పుస్తకం చూస్తే అది చదువో నిద్రో నాకేం తెలుసు? "నాకు వినపడలేదంటే నువ్వు చదవలేదన్నట్టే" అనేదాన్ని. ఇంగ్లీషు పాఠమైతే చదివి, మళ్ళీ తెలుగులో నాకు చెప్పాలి. అర్థం కాకపోతే ఇంకోసారి. పెద్దదయ్యాక గొంతు తగ్గింది గానీ పెదాలు ఆగలేదు. పెదాలు కదలకపోతే ఆమెకు తల్లో ఏమీ పుట్టదు.

చివరి ఏడాది పెద్ద పరీక్ష వచ్చింది, లాప్‌టాప్ మీద ఆమె రాసే మొదటిది. అది పాసైతే ఆఫీసు ఉద్యోగం, దొంగతనం అని రాస్తే ఏళ్ళ తరబడి పరీక్షే రాయనివ్వరు. నా తర్వాత నా చీపురే ఆమెకు. సొంత కూతురు రాసే హాలు దగ్గర తల్లి ఉండకూడదని నన్ను ఎదురుహాలు తలుపుకు మార్చారు. మోనిషా మాస్టరు ముందు చెయ్యి చాపడం అక్కణ్ణించి చూశాను. రెండు వేళ్ళు ఆనించాడు.

"పొడిగా ఉండాది. పో, లోపలికి పో" అన్నాడు.

నాకు ధైర్యం వచ్చింది.

కొంతసేపటికి చీఫ్ సారు తన గదిలోంచి బయటికొచ్చి మాస్టరును పిలిచాడు. ఆ అమ్మాయి డబ్బా ఎర్రగా ఉంది, మొదటినుంచీ ఆపకుండా ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది, చెవిలో మిషను ఉంటుంది చూడండి అన్నాడు. మాస్టరు మొహం నేను చూశాను. నల్లబడిపోయింది. తను చెయ్యి పట్టి చూసి, పొడిగా ఉందని లోపలికి వదిలాడు. ఆ రోజు రింగులో ఎవడో చేసిన తప్పే తనూ చేశాననుకున్నాడు.

పెద్ద అంగలతో పోయి లాప్‌టాప్ మూత ఆమె చేతుల మీదే మూశాడు. వేళ్ళు లోపలున్నాయి. ఆమె కేక ఎదురుహాల్లోకి వినిపించింది. ఇంకో చేత్తో చెవి పట్టుకుని మిషను కోసం లాగాడు. మిషను లేదు, కమ్మ ఉంది. కమ్మ ఆయన చేతికొచ్చేసింది, చెవితమ్మె రెండుగా చీలిపోయింది.

"ఎవురితోనే మాట్లాడతా ఉండావు? ఎవురితో?"

"మా అమ్మతో సార్" అంది అది ఏడుస్తూ.

దాని నోట్లోంచి వచ్చింది నిజమే. కానీ ఆ మాట ఆ హాల్లో ఇంకోలా వినపడింది. ఆడపిల్లల చెవులు చూసే మనిషిని నేను. నా కూతురు నాతో మాట్లాడుతోందంటే ఇద్దరం కలిసి చేశామనే గదా. "తల్లి పేరు కూడా రాస్తాను" అన్నాడు చీఫ్ సారు.

అవన్నీ నేను ఆ హాలు వైపు పరిగెత్తుతూనే విన్నాను. తలుపు పక్కనున్న తుడుపుకర్ర చేతికి దొరికింది. లోపలికి పోయి, వెనకనుంచి, ఆ నలిగిన చెవి మీదే కొట్టాను. కర్ర విరిగింది. ఆ పక్క ఆయనకు వినపడదు గదా, ఎవరు కొట్టారో తెలియలేదు. చూడకుండానే తిరిగి పిడికిలి విసిరాడు. నేను రెండు బెంచీల మధ్య పడ్డాను. నోట్లో ఏదో రాయిలా తగిలితే ఉమ్మాను, అది నా పన్ను.

పడే ఉండి మాట్లాడాను. లేచేదాకా ఆగితే రాసేస్తారని భయం.

"నాతోనే మాట్లాడతాది మాస్టరూ. పుట్టినప్పటినుంచీ అంతే. నాకు చదువు రాదు. పొయ్యి కాడ కూర్చొని నాకు చెప్పి చెప్పి చదివింది. పెదాలు కదలకపోతే దానికి రాదు. మిషనూ లేదు, మన్నూ లేదు. కొట్టేముందు చూడొద్దా నువ్వు? నీ కళ్ళు వరుగైపోయినాయా చెవి మాదిరి?"

 మాస్టరు నన్ను చూశాడు, నా కూతుర్ని చూశాడు. తర్వాత లాప్‌టాప్ మూత తెరిచి, "రాయి" అన్నాడు.

నలిగిన వేళ్ళతో మోనిషా రాయడం మొదలుపెట్టింది. పెదాలు కదిలాయి, అక్షరాలు పడ్డాయి. ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద నిలబడి, పట్టీ చుట్టిన అరచెయ్యి దాని నోటికి అడ్డంగా గట్టిగా పెట్టాడు. వేళ్ళు ఆగిపోయాయి. గాల్లో వణుకుతున్నాయి గానీ ఒక్క మీటా నొక్కలేకపోయాయి. చెయ్యి తీశాడు. పెదాలు కదిలాయి. వేళ్ళు పరిగెత్తాయి. మళ్ళీ నోరు మూశాడు. మళ్ళీ ఆగాయి. దాని చెవి రక్తం ఆయన మణికట్టు మీదుగా పట్టీలోకి పోతోంది.

"రాసేది ఈ పిల్లే" అన్నాడు లేచి.

"సాఫ్ట్‌వేరు ఎర్రగా చూపించింది సార్. దొంగతనమని కాగితం రాశాను, మీరు సంతకం పెడితే పంపించేస్తాను" అన్నాడు చీఫ్ సారు.

"నేను పెట్టను."

"మీరు పెట్టకపోతే నేనే లాప్‌టాప్ తీసుకుపోతాను."

చీఫ్ సారు చెయ్యి చాపాడు. మాస్టరు దాన్ని పక్కకు తోసి, ఆయన గదిలోకి నడిచి, ఆ పెద్ద తెర మధ్యలో గుద్దాడు. మొహాల డబ్బాలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. గాజు ముక్కలు దిగిన చేత్తో తిరిగొచ్చి మోనిషా బెంచీ పక్కన నిలబడ్డాడు. గంట మోగేదాకా ఎవరూ ఆ బెంచీ దగ్గరికి రాలేదు. అది రాసింది. రక్తం కారుతూ, పెదాలు కదుపుతూ రాసింది. నేను తలుపుకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని చూశాను.

మాస్టరు ఉద్యోగం ఆ రోజే పోయింది. తర్వాత విచారణకు పిలిస్తే వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడట. యూనివర్సిటీ పెద్దవాళ్ళు మోనిషాను తమ ముందు కూర్చోబెట్టి మళ్ళీ రాయించారు. పెదాలు కదుపుతూనే రాసింది. పరీక్ష ఉంచారు. పాసైంది.

ఆయన నాకు తప్పయిందని చెప్పలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటి గడప దగ్గరికి వచ్చి ఎడమ అరచెయ్యి తెరిచాడు. అందులో మోనిషా కమ్మ.

"మీ పిల్లది. ఆ పొద్దు జోబీలో ఏసుకొని మరిచినా" అన్నాడు.

నేను అప్పుడే అన్నం వార్చాను. గిన్నెలో గంజి పొగలు కక్కుతోంది. కమ్మ తీసుకున్నాను. గంజి ఆయన కాళ్ళ మీద పోశాను. ఆయన కదల్లేదు. కాళ్ళు ఎర్రబడడం చూసుకుని, నా నోరు, ఊడిన పంటి చోటు చూసి, "సెరి" అన్నాడు. చెప్పులు చేత పట్టుకుని నడిచిపోయాడు.

"ఆ గంజి మాట తీసేద్దామా" అంటోంది మోనిషా. ఉంచు. పోసిందాన్ని పోయలేదని ఎట్లా అంటాను?

కాలేజీలో ఉన్నంతకాలం ఆయన్ను ముట్టుకోవడానికి అందరికీ భయం. ఉద్యోగం పోయాక ఒట్టి మనిషి అయిపోయాడు. వ్యాసర్పాడి రైలు పట్టాల పక్కన ఆయన్ను పడేసి కొట్టారు. ఇనప కడ్డీలతో చేతులు మాత్రమే కొట్టారు, ఒక్కో వేలూ విడిగా. ఎవరు చేయించారో అందరికీ తెలుసు. తన బదులు ఎవడో రాస్తుంటే గాల్లో చేతులెత్తి కూర్చున్నాడు చూడండి, వాడి తండ్రికి లారీలు ఉన్నాయి, లారీల్లో కడ్డీలు ఉన్నాయి. పోలీసులకు మాత్రం తెలియలేదు. ఆ తర్వాత మాస్టరు అన్నం కూడా తన చేత్తో తినలేదట. చీము పట్టి, జ్వరం పట్టి, ఆస్పత్రిలో పోయాడు.

నిన్న ఆ చెవి చూసి నేను గిన్నెలు వదిలి లేచాను. మసి చేతులు చీరకు తుడుచుకుంటూ పాడె దగ్గరికి పోయాను. డప్పులవాళ్ళు ఆగారు. ఆయన అక్క కాబోలు, ముసలామె, "ఎవురమ్మా నువ్వు?" అంది.

"హాలు కాడ ఆయమ్మను" అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో, పక్కకు జరిగింది. బొటనవేళ్ళు రెండూ దారంతో కట్టి ఉన్నాయి. మిగతా వేళ్ళు ఎటు పడితే అటు వంకర తిరిగి అతుక్కున్నాయి. పట్టీ లేదు. ఆ కుడిచేతిని అట్లా, పట్టీ లేకుండా, అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నాకు ఏడుపు రాలేదు. నాలుక పోయి ఊడిన పంటి సందులో ఆగింది, కోపం వచ్చినప్పుడల్లా అక్కడికే పోతుంది అది.

పూలు పక్కకు తోసి, ఆ కుడి అరచేతిలో నా రెండు వేళ్ళు ఆనించాను. అందరూ చూస్తున్నారు. కాస్త ఆగాను, ఆయన ఆగినట్టే.

పొడిగా ఉంది.

"పో మాస్టరూ" అన్నాను. "లోపలికి పో."